అవ్వ లేచే తీరు

పోయిన వారం నర్సింగాన్ని మనం అన్నం కంచం ముందు వదిలిపెట్టాం. కొడుకు వీరేందర్ అడిగింది చిన్న మాటే. "బాపూ, ఆదివారం నాతోని దవాఖానకు రావాలె. అవ్వను గూడ తీస్కపోదాం. డాక్టరు సారు ఇంట్ల పెద్దోళ్లను చూడాలన్నడు." ఆ మాటకు నర్సింగం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేను రాను" అని లేచాడు. చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా వాకిలి దాటాడు.

తండ్రి ఎందుకు రానన్నాడో తనకు తెలుసనుకున్నాడు వీరేందర్. తన మీద కోపంతోనే. ఆ కోపానికి తాను తగినవాడినేనని కూడా అనుకున్నాడు.

వీరేందర్ గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో జనరల్ మజ్దూర్. ముప్ఫై ఏళ్ల మనిషి. రెండేళ్లుగా తెల్లవారేసరికి అతని నడుము కొయ్యబారిపోతోంది. చెప్పుల్లో కాళ్లు పెట్టడానికి కూడా భార్య మమత సాయం కావలసి వస్తోంది. పనిలో పడ్డాక కాస్త సడలుతుంది, కూర్చుంటే మళ్లీ బిగుస్తుంది. వాపు లేదు, కట్టు లేదు, కుంటడం లేదు. పైకి కనబడని నొప్పికి సెలవు అడిగితే తోటివాళ్లు నవ్వారు. "తండ్రి యాక్టింగే కొడుక్కు వచ్చింది" అన్నారు.

ఆ నవ్వుకు కారణం ఉంది. ఆరేళ్ల కిందట నర్సింగం నడుము నొప్పితో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లి అన్‌ఫిట్ అయ్యాడు. కంపెనీ పద్ధతి ప్రకారం ఆయన ఉద్యోగం కొడుకు వీరేందర్‌కు వచ్చింది. నర్సింగం దొంగనొప్పి చూపించి కొడుక్కు నౌకరి ఇప్పించాడని కాలనీ అంతా చెప్పుకుంది. వీరేందర్ కూడా అదే నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు. ఒకరోజు నర్సింగం మూలుగుతూ కుర్చీలోంచి లేస్తుంటే, "బోర్డు అయిపాయె గద బాపూ, ఇంట్ల గూడ ఎందుకు నీ యాక్టింగు?" అన్నాడు. ఆ తర్వాత నర్సింగం ఇంట్లో ఎన్నడూ మూలగలేదు.

వీరేందర్ నొప్పికి మొదటిసారి పేరు పెట్టింది డాక్టర్ కౌండిన్య. మంథని మనిషి, కీళ్ల జబ్బుల డాక్టరు. ఆదివారాలు కరీంనగర్ నుంచి వచ్చి లక్ష్మీనగర్‌లో రోగులను చూస్తాడు. వెన్నుపూసలు మెల్లమెల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు ఇది అన్నాడు. "చాలామందికి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తది. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి నొప్పి ఉందా?" అని అడిగాడు. వీరేందర్ ఆలోచించకుండా "ఎవరికీ లేదు సార్" అన్నాడు. ఇంటికి బండి నడుపుతుండగా తట్టింది. బాపుకు ఉంది కదా! అంటే ఆ నొప్పి నిజమేనన్నమాట. కన్నతండ్రిని ఇన్నాళ్లూ దొంగను చేసింది తానన్నమాట. ఆ ఆలోచన వచ్చిన దగ్గరనుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

సదరం క్యాంపు దగ్గరపడుతోంది. అక్కడ వికలాంగుల సర్టిఫికెట్ వస్తే, బాయి దిగే పని తప్పించి పైన ఏదైనా పని ఇవ్వమని కంపెనీని అడగవచ్చు. ఇంట్లో పెద్దలకు కూడా ఈ జబ్బు ఉందని తేలితే తాను రాసిచ్చే రిపోర్టుకు బలం వస్తుందన్నాడు కౌండిన్య. తల్లిదండ్రులిద్దరినీ తీసుకురమ్మన్నది అందుకే.

ఆదివారం పొద్దున వీరేందర్ బయటికి వచ్చేసరికి నర్సింగం ఉతికిన చొక్కా వేసుకుని గడప ముందు నిలబడి ఉన్నాడు.

"వస్తున్నవా బాపూ?"

"మీ అవ్వ నడువుమన్నది" అన్నాడు నర్సింగం, రోడ్డు వైపు చూస్తూ.

లోపల వీరేందర్ తల్లి పూలమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. ఆమె ఏం చెప్పి ఆయన్ను ఒప్పించిందో వీరేందర్ అడగలేదు. ఆ ఇంట్లో పూలమ్మను ఎవరూ పెద్దగా ఏమీ అడగరు, కూర ఏమి వండావని తప్ప.

ఆటో వచ్చింది. మమత లోపలినుంచి దిండు పట్టుకొచ్చింది. "మామ నడుము ఎన్క పెట్టు. తొవ్వ మొత్తం గుంతలే ఉన్నయి" అని మొగుడి చేతికి ఇచ్చింది. వీరేందర్ తండ్రి భుజం పట్టి ఎక్కించి, వీపు వెనక దిండు సర్ది, పక్కన తాను ఒదిగి కూర్చున్నాడు. పూలమ్మ చేతిసంచి ఒడిలో పెట్టుకుని అంచున కూర్చుంది. ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ దాటి పెద్ద రోడ్డెక్కగానే బొగ్గు లారీల వెనక దుమ్ము లేచింది. ఆటో గుంతలో పడినప్పుడల్లా వీరేందర్ తన నొప్పిని పళ్ల మధ్య నొక్కిపట్టి, "మెల్లగ పోనియ్యి అన్నా, పెద్దమనిషి ఉన్నడు" అని డ్రైవర్‌ను హెచ్చరిస్తూనే ఉన్నాడు. కొంచెం దూరం పోయాక నర్సింగం వీపు వెనకనుంచి దిండు లాగి భార్య వైపు తోశాడు.

"నువ్వు పెట్టుకో."

"నాకెందుకయ్యా" అంది పూలమ్మ. దిండు మళ్లీ ఆయన ఒడిలోకే వచ్చింది. ఆయన దాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తన చేత్తో పెట్టిన దిండు కూడా బాపుకు గిట్టడం లేదనుకున్నాడు వీరేందర్.

క్లినిక్‌లో జనం నిండుగా ఉన్నారు. వాళ్ల వంతు రావడానికి చాలాసేపు పట్టేలా ఉంది. గోడవారన బెంచీ మీద ముగ్గురికీ చోటు దొరికింది. వీరేందర్ రాత్రంతా కూడగట్టుకున్న మాట అక్కడే బయటపెట్టాడు.

"బాపూ."

"ఊ."

"నేను నిన్ను నమ్మలే. అందరితోని కలిసి నేను గూడ నవ్విన. ఈ నొప్పి నాకు వచ్చినంక తెలిసింది, నువ్వెంత గోసపడ్డవో. బాయిల గంత పని చేస్కుంట ఎట్ల ఓర్సుకున్నవో..."

నర్సింగం ముఖం నల్లబడింది. "ఊకో రా."

"ఊకోను. ఆనాడు నిన్ను యాక్టింగని అన్న. మాఫ్ చెయ్యి బాపూ."

"ఊకో అంటున్న గద!"

ఆ కేకకు పక్క బెంచీల వాళ్లు తిరిగి చూశారు. నర్సింగం లేచి, మంచినీళ్ల క్యాన్ దగ్గరికి పోయి, గ్లాసు నింపుకున్నాడు. తాగలేదు. నిండు గ్లాసు పట్టుకుని గోడ వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు.  తండ్రి క్షమించలేదు. ఎందుకు క్షమిస్తాడు?

పూలమ్మ కొడుకు తొడ మీద చెయ్యి వేసింది. "గాయినను ఇడ్సిపెట్టు బిడ్డా. ఇప్పుడేం అనకు" అంది.

వంతు వచ్చింది. కౌండిన్య కళ్లద్దాలు పైకి తోసుకుంటూ నర్సింగాన్ని కూర్చోమన్నాడు. "మీ అబ్బాయి చెప్పిండు పెద్దయ్యా, మీకు కూడా నడుము నొప్పి ఉండేదట. ఒకసారి చూద్దాం."

గోడకు మడమలు ఆనించి నిలబడమన్నాడు. నర్సింగం నిలబడ్డాడు. వీపు ఆనింది, తల వెనకభాగం కూడా ఆనింది. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమన్నాడు. నర్సింగం కొడుకు వైపు ఒకసారి చూసి, మెల్లగా వంగి, సగంలో ఆగాడు.

"ఇంకా వంగండి. వంగగలరు."

నర్సింగం వంగాడు. వేళ్లు నేలకు బెత్తెడు దూరం దాకా వెళ్లాయి. అరవై దాటిన మనిషికి అది మంచి నడుము కిందే లెక్క. కౌండిన్య ఆయన్ను బోర్లా పడుకోబెట్టి తుంటి ఎముకల మీద బొటనవేళ్లతో నొక్కాడు.

"ఇక్కడ నొప్పి?"

"లేదు." ఒక క్షణం ఆగి, "ఉన్నది సార్. ఇదివరకు ఉండె. ఇప్పుడు తగ్గింది" అన్నాడు నర్సింగం.

"అతుక్కుపోయిన ఎముక మళ్లా విడిపోదు పెద్దయ్యా. ఈ జబ్బు వచ్చి, దానంతటదే పోవడం ఉండదు. మీకు వయసుకు తగ్గ అరుగుదల ఉంటే ఉండొచ్చు. ఈ జబ్బు మాత్రం లేదు."

వీరేందర్‌కు ఆ మాట సరిగా ఎక్కలేదు. "అట్లెట్ల సార్? మా బాపుకు..." అంటుండగా తలుపు తోసుకుని నర్సు రాబోయింది. తలుపుకు అడ్డంగా పూలమ్మ నిలబడి ఉంది. "అమ్మా, జర పక్కకు జరుగు" అంది నర్సు వెనకనుంచి.

పూలమ్మ తిరిగింది. తల తిప్పలేదు. కాళ్లు ఒక్కొక్క అడుగూ జరుపుకుంటూ మొత్తం మనిషే తిరిగింది.

కౌండిన్య చేతిలో కలం ఆగింది. "అమ్మా, ఇటు రండి. ఇట్లనే నిలబడి, కాళ్లు కదపకుండ, ఆ కిటికీ వైపు చూడండి. మెడ ఒక్కటే తిప్పాలి."

పూలమ్మ నవ్వింది. "నా మెడ గట్ల తిరగది సార్. మొదటిసంది గంతే."

"మొదటిసంది అంటే?"

"వీడు బడికి పోయేటప్పటిసంది."

"నడుము?"

పూలమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "నడుముకు ఏముంటది సార్. పొద్దుగాల జర పట్టుకుంటది. పని చేస్తుంటె ఇడుస్తది."

"కన్ను ఎప్పుడన్న ఎర్రబడి, వెలుతురు చూడలేకపోవుడు?"

"ఔ సార్. ఏడాదికొకపారి వస్తది. పొయ్యి పొగకు."

"ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యేనా?"

పూలమ్మ కొంగు సర్దుకుంది. వాళ్లింట్లో గ్యాసు వచ్చి చాలా ఏళ్లయింది.

కౌండిన్య ఆమెను గోడకు నిలబెట్టాడు. వీపు ఆనింది. తల ఆనలేదు. ఆమె ఎంత ప్రయత్నించినా గోడకూ తలకూ మధ్య డాక్టరు చెయ్యి మడిచి పెట్టేంత సందు మిగిలింది. అప్పుడాయన పరీక్ష బల్ల చూపించి వెల్లకిలా పడుకోమన్నాడు. పడుకోవడానికే చాలాసేపు పట్టింది. "ఇప్పుడు లేవండి. ఇంట్లో పొద్దున ఎట్ల లేస్తరో అట్లనే లేవండి. నేను సాయం పట్టను" అన్నాడు.

పూలమ్మ ముందు మోకాళ్లు ముడుచుకుంది. పక్కకు ఒత్తిగిలింది. ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకుని కాళ్లను కిందికి జార్చింది. ఆ బరువుకు ఒళ్లు దానంతటదే పైకి లేచింది. లేచి కూర్చుని, అరచేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టి, పెదవులు ముడిచి సన్నగా గాలి వదిలింది. కొంచెం ఆగింది. తర్వాత తొడల మీద చేతులతో తనను తానే పైకి నెట్టుకుంటూ నిలబడింది.



అవ్వ లేవడం వీరేందర్ ఎన్నడూ చూడలేదు. అతను కళ్లు తెరిచేసరికి అవ్వ ఎప్పుడూ లేచి పనిలో ఉండేది. కానీ ఈ లేవడం అతను చూశాడు. మెడికల్ బోర్డు రోజున అవ్వ బలవంతం మీద తండ్రికి తోడుగా వెళ్లి, సగం తెరిచిన తలుపు ఇవతల నిలబడి చూశాడు. లోపల బల్ల మీద నుంచి నర్సింగం అచ్చం ఇలాగే లేచాడు. అదే ఒత్తిగిలడం, అదే ఎడమ చెయ్యి, కూర్చున్నాక పెదవులు ముడిచి వదిలిన అదే సన్నటి గాలి.

అతను తండ్రి కోసం తల తిప్పాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

"అమ్మను పక్క గదిలో ఎక్స్‌రేకు తీసుకపోండి" అని నర్సుతో చెబుతున్నాడు డాక్టరు. వీరేందర్ బయటికి వచ్చాడు.

మందుల దుకాణం పక్కన మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు నర్సింగం. కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. వీరేందర్ ఎదురుగా నిలబడ్డాడు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని కాదు, కూర్చోబుద్ధి కాలేదు.

"బాపూ, బోర్డుల నువ్వు గట్లనే లేసినవ్."

నర్సింగం కండువా ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకు నొప్పి లేకుండె."

"లేకుండె."

ఆరేళ్లు నమ్మి, వారం రోజులు నమ్మడం మానేసిన మాట అది. తండ్రి నోటినుంచి విన్నాక వీరేందర్‌కు కోపం రావలసింది. కోపం రాలేదు. దానికంటే పెద్దది ఏదో వస్తోంది.

"అవ్వ లేసుడు చూసి చేసినవ్."

"ఫస్టు షిఫ్టు ఉంటె మీ అవ్వ నా కంటె ముందుగాల లేసి అన్నం డబ్బ కట్టేది" అన్నాడు నర్సింగం నేల చూపులతో. "గప్పుడు లేసేది గట్ల. నేను కండ్లు మూసుకున్నట్టు పండుకొని చూసేటోన్ని. దినాం చూసేటోన్ని."

"నొప్పి ఉన్నదని తెల్సు నీకు."

"తెల్సు."

"మరి దవాఖానకు ఎందుకు తీస్కపోలే? కంపెనీ దవాఖాన ఉండె. పెండ్లాం పిల్లలకు పైస తీస్కోకుండ చూస్తుండ్రి. గంత దగ్గర్ల ఉండె బాపూ!"

నర్సింగం కండువా కొసను వేలికి చుట్టాడు, విప్పాడు. "అడుగుతె నొస్తున్నదంటది. నొస్తున్నదంటె ఏమన్న చెయ్యాలె. నేను బాయికి పోవాలె, ఇంట్ల వంట కావాలె, నువ్వు చిన్నోనివి. అడగకుంటె ఇల్లు నడుస్తుండె. నడుస్తున్నది గదా అని ఊకున్న. ఊకోంగ ఊకోంగ అడిగే మొఖం లేకుంటయ్యింది."

"నువ్వు మనిషివేనా?"

అనేశాక వీరేందర్ నాలుక కరుచుకున్నాడు. ఎందుకంటే అదే క్షణంలో తన నడుము మీద అవ్వ చేతులు గుర్తొచ్చాయి. రెండేళ్లుగా ప్రతి పొద్దునా నువ్వుల నూనె వేడిచేసి, మంచం పక్కన వంగి, అతని నడుముకు మర్దన చేస్తున్నది ఆమే. "ఇంక జర గట్టిగ, అవ్వా" అని ఎన్నిసార్లన్నాడో. ఆమె ఒక్కోసారి ఆగేది. "ఆగినవేంది?" అని విసుక్కునేవాడు. ఆ ఆగడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆమెను ఏమీ అడగనిది బాపు ఒక్కడే కాదు.

"నీ కోసమే చేసిన రా" అన్నాడు నర్సింగం. "గా ఏడు చేతిదాక వచ్చిన పోలీసు ఉద్యోగం పోయినంక నువ్వు ఇంట్ల నుంచి బయటికి రాకపోతివి. గడ్డం పెంచుకొని, మంచం దిగకపోతివి. మీ అవ్వ నీ అర్ర తలుపు ముందట్నే పండుకునేది, ఏం చేస్కుంటవో అని."

"నా పేరు చెప్పకు."

"చెప్పనియ్యి. నిజమే గదా" అన్న మాట వెనకనుంచి వచ్చింది.

పూలమ్మ. ఎక్స్‌రే గదిలోంచి ఎప్పుడు వచ్చిందో, మెట్ల పక్కన గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఎండ ఆమె ముఖం మీద పడుతోంది.

"గాయిన చూసి నేర్చుకోలే బిడ్డా. నేను నేర్పిన."

నర్సింగం తలెత్తి, "పూలా, వద్దే" అన్నాడు.

"ఎందుకు వద్దు? నేర్పిన. బోర్డుకు పోయే ముందటి రాత్రి దర్వాజ పెట్టుకొని మంచం మీద పండుకుంట లేసుకుంట చేస్తున్నడు. అంత తప్పే చేస్తున్నడు. ముందుగాల తల లేపుతున్నడు. నడుము పట్టినోనికి తల ఎట్ల లేస్తది? బోర్డుల గట్ల చేస్తె డాక్టర్లు ఎల్లగొడ్తరని నాకు భయమైంది. లోపటికి పోయి చెప్పిన. గట్ల కాదు, పక్కకు తిరుగు. చెయ్యి గిక్కడ పెట్టు. కాళ్లు కిందికి ఇడువు. కూసున్నంక జల్ది లెవ్వకు, గప్పుడే సుర్రుమంటది, జర ఆగు అని చెప్పిన. సరిగ్గ వచ్చేదాక చేపిచ్చిన."

 మందుల దుకాణం ముందు ఎవరిదో బండి స్టార్ట్ కాక మొరాయిస్తోంది.

"దొంగపని అని తెల్సు" అంది పూలమ్మ. "కొడుకు దక్కుతడంటె ఏమన్న చేద్దామనిపిచ్చింది. నీకు నౌకరి వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టిన. ఇప్పుడు నీకే గీ నొప్పి వచ్చింది. లోపట డాక్టరు సారు అన్నడు, ఇది తల్లి నుంచి వచ్చిందని. నేనిచ్చిందే బిడ్డా. నౌకరి, నొప్పి రెండు నేనే ఇచ్చిన."

"అట్లనకు అవ్వా. ఇది నువ్వు ఇచ్చుడు కాదు."

ఆమె ఆ మాట విన్నట్టు లేదు. మొగుడి వైపు చూస్తోంది. ఆమె గొంతులో కోపం లేదు. చాలా కాలం మోసిన బరువును ఎక్కడ దించాలో చూసుకుంటున్నట్టుంది.

"గంత చెప్పిన నీకు. ఏడ పట్టుకుంటదో, ఏడ సుర్రుమంటదో, ఏ చెయ్యి పెడితె జర తక్కువ నొస్తదో, అన్ని చెప్పిన. నీకెట్ల తెల్సే గిదంత అని ఒక్క మాట అడుగుతవేమో అని చూసిన. అడగకపోతివి. తెల్లారి బోర్డుకు పోయినవ్. వచ్చినవ్. పని అయిందన్నవ్. గంతే."

నర్సింగం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ చేతుల వెనకనుంచి "నాకు నోరు రాలే" అన్న మాట అస్పష్టంగా వినబడింది.

"ఏమో. నాకు గూడ చెప్పనీకి నోరు రాలే" అంది పూలమ్మ.

నర్సు బయటికి వచ్చి వాళ్ల పేరు పిలిచింది.

గదిలో వెలుగుపెట్టె మీద ఎక్స్‌రే ఫిల్మ్ వేలాడుతోంది. కౌండిన్య దాన్ని కలంతో చూపించాడు. "పూసలు విడివిడిగా ఉండాలి. ఇవి చూడండి, కింద నుంచి పైదాక వెదురుబొంగు లెక్క ఒకటే అయిపోయినయి. మెడలో కూడా. ఇన్నేండ్లు దీనితో ఎట్ల పనిచేసిండ్రమ్మా మీరు?"

పూలమ్మ తన వెన్నెముకను మొదటిసారి చూస్తోంది. కొంచెం ముందుకు జరిగి, ఎవరిదో ఫొటో చూసినట్టు చూసింది. "గిది నాదేనా సార్?" అంది.

"మీదే. వీరేందర్‌కు వచ్చింది మీ నుంచే. అతనికి ఇంకా మొదటి దశే, మందులతో ఆపవచ్చు. మీకు అతుక్కున్నవి విడదీయలేం గాని, నొప్పి తగ్గించవచ్చు. సదరం క్యాంపుకు అతనితో పాటు మీరు కూడా పోవాలి. మీకు వైకల్యం శాతం బాగా ఎక్కువ వస్తది, పింఛను కూడా రావచ్చు." ఆయన ప్యాడ్ ముందుకు లాక్కున్నాడు. "ఇద్దరికీ రాస్త. అతని రిపోర్టులో తల్లికి ఉన్నదని, తండ్రికి లేదని స్పష్టంగా పెడతా. పై పని అడిగేటప్పుడు కంపెనీ డాక్టర్లు చూసేది అదే."

 అంతవరకు వీరేందర్‌కు ఆ సంగతి తట్టలేదు. అతని రిపోర్టు వెళ్లేది తండ్రిని అన్‌ఫిట్ చేసిన చోటికే. నడుము పనికిరాదని ఇంటికి పంపిన మనిషికి నడుములో ఏ జబ్బూ లేదని అక్కడి డాక్టర్లు చదువుతారు. తండ్రి అన్‌ఫిట్ అబద్ధమైతే కొడుకు ఉద్యోగం ఏమవుతుంది? క్వార్టర్ ఏమవుతుంది? మమత ఏమవుతుంది?

"సార్" అన్నాడు.  "మా అవ్వ సంగతి రాయకుంటె నడువదా?"



ఆ మాట నోరు దాటాక గానీ తాను ఏం అన్నాడో వీరేందర్‌కు అర్థం కాలేదు. కాసేపటి కిందట మెట్ల దగ్గర తండ్రిని మనిషివేనా అని అడిగాడు. ఇప్పుడు తనకు కూడా ఇల్లు నడవాలి. దానికి అవ్వ నొప్పి కనబడకుండా ఉండాలి. అతను తల్లి వైపు చూడలేకపోయాడు. ఆమె తన వైపే చూస్తోందని మాత్రం తెలుస్తోంది.

"ఎందుకు రాయొద్దు?" కౌండిన్య కలం దించాడు. ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. చివరికి నర్సింగం వైపు తిరిగాడు. "పెద్దయ్యా, మీరు కంపెనీలో రిటైర్ అయిండ్రా?"

నర్సింగం పెదవులు తడుపుకున్నాడు. "లేదు సార్. అన్‌ఫిట్."

"దేనికి?"

నర్సింగం చెయ్యి తెలియకుండానే వీపు మీద పడింది. డాక్టరు చూపు ఆయన నడుము మీదికి, అక్కడినుంచి వెలుగుపెట్టె మీది ఫిల్మ్ మీదికి పోయింది.

"నాకు రాయుండ్రి సార్" అంది పూలమ్మ.

ఆమె కుర్చీ పట్టుకుని డాక్టరు బల్ల ముందుకు వచ్చి నిలబడింది. "పింఛను వచ్చినా రాకున్నా నాకు ఫికర్ లేదు. నాకు నొస్తదని ఎక్కడన్న ఒక్క కాయితం మీద ఉండాలె. గంతే."

"అవ్వా!" అన్నాడు వీరేందర్.

"ఆగు బిడ్డా." ఆమె డాక్టరు మీదినుంచి చూపు తిప్పలేదు. "గాయిన దేనికి అన్‌ఫిట్ అయిండని అడుగుతిరి గద సార్. నడుము నొప్పికి. ఆ నొప్పి ఎవలదో నేను చెప్త, రాసుకోండ్రి."

కుర్చీ కిర్రుమంది. నర్సింగం లేచి నిలబడి, భార్య వైపు ఒక అడుగు వేశాడు. ఆమె నోరు మూయించడానికి వస్తున్నాడో, ఆమె పక్కన నిలబడడానికి వస్తున్నాడో వీరేందర్‌కు తెలియలేదు.